గ్యాంగ్‌స్టా రాప్, బాలనేరము: డాక్యుమెంటరీ చిత్రములలో ‘ప్రభావ’ విచారము

మన విశ్వవిద్యాలయములలో వెలువడు పరిశోధన వ్యాసములలో ‘ప్రభావము’ అను మాటవలె సులభముగ వాడబడి, మిక్కిలి అరుదుగ నిరూపింపబడు మాట మరియొకటి లేదు. ఒక కవి గ్రంథములోని భావము వేరొక కవి గ్రంథమున కనబడినంతనే మొదటిది రెండవదానిపై ప్రభావము చూపినదని వ్రాయుట మనకు అలవాటైనది. రెండింటికిని మూలమైన మూడవ గ్రంథ ముండవచ్చుననియు, పోలిక వేరు కారణము వేరనియు ఆగి విచారించువారు తక్కువ. ఈ తొందరపాటువలన సాహిత్యమునకు కలుగు నష్టము ఒక తప్పు సిద్ధాంతమే. అది తరువాతి పరిశోధకుడు దిద్దుకొనగలిగినది. కాని ఇదే మాట న్యాయస్థానములోనికి ప్రవేశించినపుడు ఒక మనుష్యుని జీవితములో ముప్పది సంవత్సరములు కారాగారమున గడచిపోవచ్చును. అందుచేత ఈ మాటను దాని అత్యంత కఠినమైన తావున పరీక్షింపవలెనని తోచి, అమెరికాలోని గ్యాంగ్‌స్టా రాప్ గీతములకును బాలనేరమునకును గల సంబంధమును చూపిన, లేక సూచించిన, కొన్ని డాక్యుమెంటరీ చిత్రములను ఈ వ్యాసమున పరిశీలించుచున్నాను.

విషయము పాఠకులకు కొంత క్రొత్తది కావచ్చును గనుక దాని పుట్టుపూర్వోత్తరములను సంగ్రహముగ చెప్పవలసియున్నది. హిప్‌హాప్ అనునది న్యూయార్కు నగరములోని బ్రాంక్స్ ప్రాంతమున నల్లజాతి యువకులును, స్పానిషు మాటలాడు యువకులును కల్పించుకొనిన కళాసముదాయము. 1973 ఆగస్టు 11న సెడ్జ్‌విక్ అవెన్యూలోని 1520 సంఖ్య గల భవనమున కూల్ హెర్క్ అను యువకుడు రికార్డులు త్రిప్పిన వినోదసభను దాని జన్మదినముగ లెక్కించుట పరిపాటి. రికార్డులను త్రిప్పి లయ కల్పించుట, ఆ లయకు అనుగుణముగ ప్రాసలు కూర్చి మాటలు పలుకుట, నేలపై నాట్యము, గోడలపై చిత్రలేఖనము అను నాలుగును దాని అంగములు. వీనిలో మాటలు కూర్చి పలుకుట రాప్ అనబడును. 1982లో గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ బృందమువారి ‘ది మెసేజ్’ అను గీతము పేదవాడల దుఃఖమును రాప్‌నకు ప్రధానవస్తువుగ చేసెను. 1985లో ఫిలడెల్ఫియాకు చెందిన స్కూలీ డి, 1986లో లాస్ ఏంజిలీసున ఐస్-టి ముఠా మనుష్యుడే ‘నేను’ అని తన బ్రతుకు చెప్పుకొనుచున్నట్లు గీతములు చేసిరి. 1988లో కాంప్టన్ పట్టణపు ఎన్.డబ్ల్యు.ఎ. బృందము వెలువరించిన సంపుటముతో ఈ మార్గము దేశమంతటను ప్రసిద్ధి కెక్కెను. దీనికే గ్యాంగ్‌స్టా రాప్ అని పేరు.

ప్రసిద్ధితోపాటే అభియోగమును వచ్చినది. ఆ బృందము పోలీసులను నిందించి పాడిన గీతమునుగూర్చి 1989లో ఎఫ్.బి.ఐ. అధికారి యొకరు రికార్డుల కంపెనీకి అసమ్మతి తెలుపుచు లేఖ వ్రాసిరి. 1992లో అమెరికా ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ టూపాక్ షకూర్ సంపుట మొకదానిని సమాజమున ఉండదగనిదని బహిరంగముగ నిందించెను. 1994 ఫిబ్రవరిలో సెనేటులోని బాలన్యాయ ఉపసంఘము ఇట్టి గీతములపై విచారణ జరిపెను. సంగీతమునుగూర్చిన ప్రశ్న బాలనేరములను విచారించు సంఘము ముందుకు వచ్చుటలోనే అభియోగము యొక్క స్వరూపము తెలియుచున్నది: ఈ పాటలు విని పిల్లలు నేరస్థు లగుచున్నారు. ఈ వాక్యమునకు ప్రతిజ్ఞారూపము కలదు, హేతువు ఏది?

కారణ మనగానేమో మన శాస్త్రకారులు చక్కగ నిర్ణయించియున్నారు. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున చెప్పిన లక్షణమును తేటమాటలలో చెప్పినచో, కార్యమునకు ముందు తప్పక ఉండునదే కారణము. కాని ముందున్నదెల్ల కారణము కాదు. కుండకు మన్ను మోసికొని వచ్చిన గాడిదయు కుండకు ముందే యున్నది. అయినను గాడిదను కుండకు కారణ మని ఎవరు నందురు? అది అన్యథాసిద్ధము, అది లేకున్నను కుండ పుట్టును. కావున రెండు పరీక్షలు అవసరము. ఇది యున్న అది యుండుట అన్వయము. ఇది లేకున్న అది లేకుండుట వ్యతిరేకము. ఈ రెంటికిని నిలిచినదానిని మాత్రమే మనము కారణ మని చెప్పవచ్చును. ఇక చిత్రములను చూతము.

మొదట పౌర్వాపర్యము. క్లీ స్లోన్ అను నతడు తీసిన ‘బాస్టర్డ్స్ ఆఫ్ ది పార్టీ’ (2005) ఈ విషయమున మిక్కిలి విలువ గలది. దర్శకుడు తానే లాస్ ఏంజిలీసులోని బ్లడ్స్ ముఠాకు చెందినవాడు. మైక్ డేవిస్ రచించిన ‘సిటీ ఆఫ్ క్వార్ట్జ్’ (1990) అను గ్రంథమును చదివి, తన ముఠా పుట్టుక తనకే తెలియదని గ్రహించి, ఆ చరిత్రను వెదకుకొనుచు పోయినాడు. చిత్రనామములోని ‘పార్టీ’ బ్లాక్ పాంథర్ పార్టీ. ఆ పార్టీకి లాస్ ఏంజిలీసున నాయకుడైన బంచీ కార్టర్ పూర్వము స్లాసన్స్ అను వీథిముఠాలోనివాడే. అతడు 1969 జనవరిలో విశ్వవిద్యాలయ ప్రాంగణముననే కాల్చి చంపబడెను. రాజకీయోద్యమము అణగిపోయిన తరువాత మిగిలిన శూన్యమున, 1970 ప్రాంతమున, క్రిప్స్ ముఠాయు, వారికి ప్రతిగ బ్లడ్స్ ముఠాయు పుట్టినవని చిత్రము చెప్పును. స్టేసీ పెరాల్టా తీసిన ‘క్రిప్స్ అండ్ బ్లడ్స్: మేడ్ ఇన్ అమెరికా’ (2008) ఇంకను వెనుకకు పోయి, నల్లవారిని కొన్ని వాడలలోనికి రానీయని ఇండ్ల ఒప్పందములు, 1965లో ముప్పదినలుగురు మరణించిన వాట్స్ కల్లోలము, ఆ వెనుక కర్మాగారముల మూసివేత అను క్రమమున కథను నడపును. సౌత్ గేట్‌లోని జనరల్ మోటార్స్ కర్మాగారము 1982లో మూతపడిన మాట చరిత్రలో నున్నదే. అటుపిమ్మట క్రాక్ అను మత్తుపదార్థము వాడలలోనికి వచ్చినది.

ఇప్పుడు తేదీలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ముఠాలు 1970 నాటివి. వానిని పాడిన గీతములు 1985 తరువాతివి. పదునైదేండ్లు ముందు పుట్టినదానికి వెనుక పుట్టినది కారణము కాజాలదు. ముఠాల ఉత్పత్తికి గీతములు కారణ మను పక్షము ఇంతటితో వీగిపోవుచున్నది. ఇక మిగిలినది, పుట్టిన నేరమును గీతములు పెంచినవా అను ప్రశ్న.

ఈ ప్రశ్నకు పోవుటకు ముందు వ్యతిరిక్తమైన సాక్ష్యము నొకదానిని చూపవలెను. షాన్ నికల్సన్ తీసి 2015లో విడుదలయిన ‘రబుల్ కింగ్స్’ అను చిత్రము బ్రాంక్స్ ముఠాల కథ. 1971 డిసెంబరులో గెట్టో బ్రదర్స్ ముఠాకు చెంది, శాంతి చెప్పబోయిన బ్లాక్ బెంజీ అను నతడు చంపబడెను. ప్రతీకారము తప్పదని అందరు ననుకొన్న సమయమున ఆ ముఠావారు ప్రతీకారము మాని, డిసెంబరు 8న హో అవెన్యూలోని బాలుర క్లబ్బులో ముఠాల నన్నిటిని సమావేశపరచి సంధి చేసిరి. ఒక ముఠా వాడలోనికి వేరొక ముఠావాడు అడుగుపెట్టగలిగిన తరువాతనే రెండేండ్లకు వీథిసభలును, రికార్డుల పోటీలును సాధ్యమైనవి. బ్లాక్ స్పేడ్స్ ముఠాలోనుండి వచ్చిన ఆఫ్రికా బంబాటా కత్తులపోటీని నాట్యపుపోటీగ మార్చుటకై జూలూ నేషన్ అను సంఘమును స్థాపించెను. అనగా హిప్‌హాప్ జన్మస్థానమున పాట నేరమునకు ఫలము కాదు, తల్లియు కాదు, ప్రత్యామ్నాయము. అటులని ఈ చిత్రమును పట్టుకొని పాటయే బాలురను నేరమునుండి తప్పించినదని వ్రాయుటయు తొందరపాటే. సంధి చేసినవారు మనుష్యులు. పాట ఆ సంధి క్రింద మొలచినది. మంచి ప్రభావమైనను పరీక్షకు నిలువవలసినదే.

అభియోగమునకు అన్నిటికంటె బలమైన ఆధారము, నా ఎరుకలో, మార్క్ లెవిన్ హెచ్.బి.ఓ. సంస్థకై 1994లో తీసిన ‘గ్యాంగ్ వార్: బ్యాంగిన్ ఇన్ లిటిల్ రాక్’. అర్కాన్సా రాష్ట్రములోని ఆ నగరము లాస్ ఏంజిలీసునకు వేయిమైళ్ళకు పైగా దూరమున నున్నది. 1957లో నల్లవిద్యార్థుల పాఠశాలా ప్రవేశమువలన ప్రపంచమునకు తెలిసిన ఊరది. అట్టి ఊర పదునైదు పదునారేండ్ల బాలురు క్రిప్స్ అనియు బ్లడ్స్ అనియు చెప్పుకొనుచు, నీలము ఎరుపు గుడ్డలు కట్టుకొని, వ్రేళ్ళతో సంజ్ఞలు చేయుచు కెమెరా ముందు నిలుచుదురు. ఆ కౌంటీలో అనుమానాస్పద మరణములను విచారించు అధికారి మనకు దారి చూపును. ఆ బాలురలో ఎందరో కాలిఫోర్నియాను చూచినవారు కారు. రంగులును, సంజ్ఞలును, పేర్లును వారికి ఎట్లు చేరినవి? 1988లో ‘కలర్స్’, 1991లో ‘బాయ్జ్ ఎన్ ది హుడ్’ అను కథాచిత్రములు దేశమంతట ఆడినవి. మొదటిదానికి దాని పేరుతోనే ఐస్-టి పాట పాడెను. పాటయు తెరయు మోసికొనిపోనిదే ఆ వేషము అంత దూరము పోయెడిది కాదని ఒప్పుకొనక తప్పదు.

ఇచ్చట ప్రభావము కలదు. దానిని కాదనుట పక్షపాతము. కాని దేనిపై ప్రభావము? వేషముపైననా, క్రియపైననా? ముఠాలు ఊరినుండి ఊరికి వ్యాపించు తీరును పరిశోధించిన షెరిల్ మాక్సన్ 1998లో ప్రకటించిన పత్రములో, ముఠావాండ్రు వలసవచ్చిన నగరములలో అధికభాగమున వారు రాకముందే స్థానిక ముఠా లున్నవనియు, వలసకు ప్రధానకారణము కుటుంబములు ఇల్లు మారుటయే యనియు తేల్చినది. కావున లిటిల్ రాక్ బాలునికి పాట ఇచ్చినది పేరు, రంగు, నడక. వాని కోపమును, వాని చేతికి తుపాకి సులభముగ అందుటను, వానిని పట్టించుకొను పెద్దలు ఇంట లేకుండుటను పాట ఇయ్యలేదు. హరికథకుని శైలిని అనుకరించిన బాలుడు హరికథకుని భక్తిని పొందినాడని మన మనము. వేషము సంక్రమించుట ఒకటి. స్వభావము సంక్రమించుట మరియొకటి. ఈ భేదమును లెవిన్ చిత్రము స్వయముగ సిద్ధాంతీకరింపదు గాని, బాలుర ఇండ్లలోనికి కెమెరాను తీసికొనిపోయి చూపుటవలన మనము విడదీసి చూచుటకు తావిచ్చుచున్నది. అందులకే అది మంచి చిత్రము.

చూచువాని మనస్సున ఈ రెండును కలిసిపోవుటకు కారణము డాక్యుమెంటరీ నిర్మాణములోనే యున్నది. 1920 ప్రాంతమున రష్యా దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒకే ముఖమును వేర్వేరు దృశ్యములతో జోడించినచో ప్రేక్షకునికి ఆ ముఖమున వేర్వేరు భావములు కనబడునని నిరూపించెను. ధ్వనియు అంతే. రాత్రి వీథి, పోలీసుబండి ఎఱ్ఱదీపము, నేలపై నెత్తుటి మరక, వీని వెనుక రాప్ గీతము వినబడినచో మాట ఒక్కటియు పలుకకయే కార్యకారణభావము సిద్ధించినది. వ్యాఖ్యాత ‘పాటవలన హత్య జరిగినది’ అని నోటితో అనినచో మనము ఆధారమడుగుదుము. కూర్పరి అట్లు అనడు, అనిపించును. నిజమున ఆ రాత్రి ఆ వీథిలో ఆ పాట వినబడలేదు. అది కూర్పుగదిలో తరువాత చేర్చబడినది. టెలివిజన్ నేరకథనములలో ఈ జోడింపు సర్వసాధారణము. సానుభూతి గల దర్శకులును దీనికి దూరముగ నుండలేకపోవుచున్నారు. అలంకారశాస్త్ర పరిభాషలో చెప్పవలెనన్న, వాచ్యముగ చెప్పుటకు ప్రమాణము చాలనిదానిని వ్యంగ్యముగ చెప్పి తప్పించుకొనుట ఇది. కావ్యమున ధ్వని ఆత్మ కావచ్చును. అభియోగమున ధ్వని మోసము.

ప్రేక్షకుడు తెచ్చుకొను పూర్వాభిప్రాయము ఈ జోడింపునకు తోడ్పడును. 1996లో కారీ ఫ్రైడ్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు ఒక ప్రయోగమును ప్రకటించినది. కింగ్‌స్టన్ ట్రయో అను తెల్లజాతి బృందము 1960లో పాడిన ఒక జానపదరీతి గీతము కలదు. అందు కథానాయకుడు పోలీసు ఉద్యోగిని చంపును. ఆమె ఆ మాటలనే కొందరికి రాప్ గీతమని చెప్పియు, మరికొందరికి పల్లెపాట అని చెప్పియు చదువనిచ్చినది. మాటలు ఒకటే. రాప్ అని విన్నవారు అది సమాజమునకు ప్రమాదకరమనిరి. పల్లెపాట అని విన్నవారికి అంతటి భయము కలుగలేదు. పాఠము మారలేదు, పాఠకుని భయము మారినది. పాఠపరిష్కరణ చేయు మనబోటివారు జ్ఞాపకముంచుకొనదగిన ప్రయోగమిది.

డాక్యుమెంటరీ తాను చూపిన ప్రభావమును తానే నమ్మించగలదనుటకు ఎదురుదిక్కు నుండి ఒక ఉదాహరణము కలదు. 1978లో ఆర్నాల్డ్ షపీరో ‘స్కేర్డ్ స్ట్రెయిట్!’ అను చిత్రము తీసెను. నేరములకు అలవాటుపడిన పదునేడుగురు పిల్లలను న్యూజెర్సీలోని రావే కారాగారమునకు తీసికొనిపోగా, యావజ్జీవ ఖైదీలు వారిని గద్దించి, భయపెట్టి, కారాగారజీవితమును వర్ణించి పంపుదురు. పిల్లలు మారిపోయిరని చిత్రము చెప్పును. దానికి ఆస్కార్ బహుమతి వచ్చినది. అనేక రాష్ట్రములు అట్టి కార్యక్రమములను ప్రారంభించినవి. కాని జేమ్స్ ఫింకెనావర్ అను పరిశోధకుడు ఆ కారాగారపు కార్యక్రమముననే పాల్గొన్నవారిని పాల్గొననివారితో సరిపోల్చి చూడగా, పాల్గొన్నవారిలోనే మరల నేరము చేసినవారు హెచ్చుగ తేలిరి. తరువాతి కాలమున ఇట్టి ప్రయోగముల నన్నిటిని కలిపి పరిశీలించినవారును ఇదే నిర్ణయమునకు వచ్చిరి. వెండితెరపై కన్నీరు కార్చిన బాలుని ముఖముకంటె గొప్ప ప్రమాణము వేరొకటి యుండదని ప్రేక్షకుడు నమ్మెను. వ్యతిరేకపరీక్ష ఆ నమ్మకమును త్రోసివేసెను. మేలు విషయమున ఇంత మోసపోయిన కన్ను కీడు విషయమున మోసపోదని ఎట్లు చెప్పగలము?

వ్యతిరేకపరీక్షను గ్యాంగ్‌స్టా రాప్‌నకును పెట్టి చూతము. అమెరికాలో హింసాత్మక నేరములకై బాలురను నిర్బంధించు రేటు 1980 దశాబ్దము చివరనుండి పెరిగి 1994లో శిఖరము నందుకొన్నది. ఈ పెరుగుదలయు, గీతముల ప్రసిద్ధియు ఏకకాలమున జరిగినవి. అన్వయము కుదిరినట్లే కనబడినది. కాని 1994 తరువాత పదేండ్లలో ఆ రేటు దాదాపు సగమునకు పడిపోయినది. ఆ పదేండ్లలో రాప్ వినువారు తగ్గలేదు. నల్లవాడలు దాటి దేశమంతటను, అటుపై ప్రపంచమంతటను వ్యాపించినది. కారణము పెరుగుచుండగ కార్యము తరుగుచున్నచో దానిని కారణ మనుట ఎట్లు?

అయితే ప్రతిపక్షమునకు న్యాయము చేయవలెను. 2003లో జీనా వింగుడ్ మొదలగువారు పదునాల్గు మొదలు పదునెనిమిదేండ్ల వయసు గల 522 మంది నల్లజాతి బాలికలను ఒక సంవత్సరము గమనించి ఒక పత్రము ప్రకటించిరి. రాప్ వీడియోలను ఎక్కువగ చూచు బాలికలు, తక్కువగ చూచువారికంటె, ఉపాధ్యాయునిపై చేయిచేసికొనుట మూడు రెట్లును, నిర్బంధింపబడుట రెండున్నర రెట్లును హెచ్చుగ నుండెనని అందు తేలినది. తల్లిదండ్రుల పర్యవేక్షణ మొదలగు కొన్నిటిని లెక్కలోనికి తీసికొన్నను ఈ తేడా నిలిచినది. దీనిని తేలికగ త్రోసివేయరాదు. కాని ఇది ప్రయోగము కాదు, గమనిక. కోపస్వభావము గల బాలిక కోపపుపాటను కోరి చూచినదా, పాట చూచి కోపము నేర్చినదా అను ప్రశ్నను ఇట్టి గమనిక పూర్తిగ తీర్చలేదు. ఈ పత్రమువలన మనకు దక్కునది సంబంధము. కారణము ఇంకను నిరూపణీయము. ఒక్క బాలిక విషయమున పాట అగ్గికి ఆజ్యమైయుండవచ్చును. అది కాదనుటకు నా కధికారము లేదు. ఒక తరము విషయమున అది అగ్గియే యనుటకు అభియోక్తలకు అధికారము లేదు.

ఇక న్యాయస్థానపు మాట. 1992లో టెక్సాస్ రాష్ట్రమున పందొమ్మిదేండ్లు నిండని యువకుడొకడు దొంగకారు నడుపుచు, ఆపిన పోలీసు ఉద్యోగిని కాల్చి చంపెను. టూపాక్ గీతముల ప్రభావమువలన నిట్లు చేసెనని, కావున శిక్ష తగ్గింపవలెనని వాని న్యాయవాదులు వాదించిరి. జ్యూరీ ఆ వాదమును అంగీకరింపక మరణదండన విధించినది. అది 2005లో అమలు జరిగినది. దీనికి ప్రక్కన మరియొక వ్యాజ్యెమును పెట్టవలెను. 2000లో లూసియానా రాష్ట్రమున నృత్యశాలలో జరిగిన హత్యకు మెకిన్లీ ఫిప్స్ అను ఇరువదిరెండేండ్ల రాప్ గాయకుడు నిందితుడయ్యెను. కాల్చినది తానని మరియొకడు చెప్పుకొన్నను, గాయకునికి ముప్పదియేండ్ల శిక్ష పడినది. ఆ విచారణలో అభియోక్త ఆతని రెండు వేర్వేరు గీతములలోని ముక్కలను జతచేసి, ఒకే మాటగ జ్యూరీకి వినిపించెను. ఆ గాయకుడు 2021లో గాని విడుదల కాలేదు. జె. ఎం. హార్పర్ తీసిన ‘యాజ్ వీ స్పీక్’ (2024) అను చిత్రమున బ్రాంక్స్ గాయకుడు కెంబా ఊరూరు తిరిగి ఇట్టి వ్యాజ్యెముల నెదుర్కొన్నవారిని కలిసికొనును. వారిలో ఈతడు నొకడు.

ఈ రెండు వ్యాజ్యెములను కలిపి చూచినచో ఒక సంగతి తేటపడును. శిక్షను తగ్గించుటకు పాట ప్రభావముగ పనికిరాలేదు. శిక్షను వేయుటకు పాట ఒప్పుకోలుగ పనికివచ్చినది. మరియు అభియోక్త చేసిన పని ఏమి? కూర్పరి పనియే. రెండు తావుల నుండి రెండు ముక్కలను కత్తిరించి, జోడించి, మూలమున లేని మూడవ అర్థమును పుట్టించుట. చిత్రశాలలో అలవాటైన కన్ను న్యాయశాలలో ఆ జోడింపును ప్రశ్నింపలేదు. డాక్యుమెంటరీలలోని ధ్వనిమేళనమును నేను ఇంత గట్టిగ విమర్శించుటకు కారణ మిదియే.

ఇచ్చట మన అలంకారికులు చేసిన సూక్ష్మభేద మొకటి మిక్కిలి ఉపకరించును. ఆనందవర్ధనుడు కవి స్వయముగ పలుకు ప్రౌఢోక్తిని, కవిచే కల్పింపబడిన వక్త పలుకు ప్రౌఢోక్తిని వేరుచేసినాడు. కవినిబద్ధవక్త మాట కవి మాట కాదు. గ్యాంగ్‌స్టా రాప్‌లోని ‘నేను’ అట్టి నిబద్ధవక్తయే. ఐస్-టి, టూపాక్ అనునవి తల్లిదండ్రులు పెట్టినట్టి గృహనామములుగ గాక వేదికపై నిలుచు పాత్రలుగ వినబడవలెను. మృచ్ఛకటికమున శర్విలకుడు గోడకు కన్నము వేయుటలోని కళను శాస్త్రోక్తముగ వర్ణించును. శూద్రకుని ఎవరు చెరలో పెట్టలేదు. దండి దశకుమారచరిత్రలో అపహారవర్మ చంపానగరమున ధనికులను దోచుటను విద్యగ చేసికొన్నాడు. దానిని కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమీయగా, ఆ మహాకవి సంతోషముతో స్వీకరించెనేగాని నెల్లూరి బాలురు దొంగలగుదురని శంకింపలేదు. మన కవులకు ఇచ్చిన ఈ న్యాయమును కాంప్టన్ కవులకు ఈయకుండుటకు హేతువు కనబడదు. కాలిఫోర్నియా శాసనసభ 2022లో చేసిన చట్టమొకటి, సృజనాత్మక రచనను సాక్ష్యముగ తీసికొనుటకు ముందు అది కలిగింపగల దురభిప్రాయమును న్యాయాధీశుడు తూచి చూడవలెనని నిర్దేశించినది. అది ఆనందవర్ధనుని చదివి చేసినది కాదు గాని, చదివినవారు మెచ్చదగినది.

పై విచారమువలన ఈ గీతములు నిర్దోషములని నేను అనుచున్నట్లు తలపరాదు. వాని దోషమును సరిగ గుర్తించిన చిత్రము బైరన్ హర్ట్ తీసిన ‘హిప్‌హాప్: బియాండ్ బీట్స్ అండ్ రైమ్స్’ (2006). దర్శకుడు హిప్‌హాప్‌ను ప్రేమించువాడు. తాను ప్రేమించుదానిని ప్రశ్నించుచున్నాడు. పాట హత్య చేయించునా అని ఆతడు అడుగడు. పురుషు డనగా ఎట్లుండవలెనని ఈ పాటలు నేర్పుచున్నవి, స్త్రీని ఎట్లు చూపుచున్నవి, ఆ నేర్పు ఎవరికి లాభము అని అడుగును. ఆ చిత్రమున ఒక దృశ్యము మరపురానిది. రికార్డు ఒప్పందమునకై ఆశించు యువకులు వీథిలో వరుసగ నిలిచి ఆతనికి తమ రాప్‌ను వినిపింతురు. అన్నియు తుపాకులు, హత్యలు. ఇట్లేల పాడుచున్నారని అడుగగా, మంచిమాటలు చెప్పువారికి కంపెనీలు ఒప్పందము లీయవని వారే చెప్పుదురు. వారు చంపుటకు పాడుట లేదు, బ్రతుకుటకు పాడుచున్నారు. పాట బాలునిపై ప్రభావము చూపినదనుటకంటె, అంగడి పాటపై ప్రభావము చూపినదనుట ఇచ్చట ప్రత్యక్షప్రమాణముతో తేలుచున్నది. హర్ట్ ఈ పౌరుషారాధనను నల్లవాడలలోనే పుట్టినదిగ చూపక, అమెరికా చలనచిత్రములలోను, క్రీడలలోను, యుద్ధోత్సాహములోను ఉన్న మూలములకు త్రోవ చూపును. మూడవ గ్రంథమును వెదకు పరిశోధకుని పద్ధతి ఇది.

ఇంతవరకు చేసిన విచారమున తేలిన అంశములు మూడు. ముఠాల ఉత్పత్తికి గీతములు కారణములు కావు; కాలక్రమమే దీనికి సాక్షి. ముఠాల వేషభాషలు దూరప్రాంతములకు వ్యాపించుటకు గీతములును చిత్రములును వాహకములైనవి. ఇది నిజమైన ప్రభావము, కాని పరిమితమైనది. బాలుని క్రియకు గీతము కారణమని చూపు చిత్రములు, పెక్కు తావుల, దానిని నిరూపింపక కూర్పుచేత స్ఫురింపజేయుచున్నవి. ఆ స్ఫురణ న్యాయస్థానములకు ఎక్కినపుడు మనుష్యులు నష్టపోయిరి.

మన శాఖలలో పరిశోధన చేయు విద్యార్థులకు దీనివలన ఒక పాఠము కలదని తలచుచున్నాను. సినిమాలు చూచి యువకులు చెడిపోవుచున్నారని మన సభలలోను తరచుగ వినుచున్నాము; పాశ్చాత్య కవుల ప్రభావమువలననే ఫలానా ఉద్యమము పుట్టినదని వ్రాయుచునే యున్నాము. అవి అసత్యములని నేననను. ఏది ముందు, ఏది వెనుక? మూడవ మూల మేదైన కలదా? అది లేనిచోట ఇది యున్నదా? సంక్రమించినది వేషమా, స్వభావమా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పినగాని ‘ప్రభావము’ అను మాటను సిద్ధాంతగ్రంథపు నామపత్రముపై వ్రాయరాదు. కుండను చూపి, ప్రక్కనే గాడిదను చూపి, విచారణ ముగిసినదనుట మన తార్కికుల సంతతికి తగినది కాదు.